ఒకే ఫ్లాటులో ఇరవై ఏడుగురు

మా బిల్డింగు మూడో అంతస్తులో, రెండు గదులూ ఒక హాలూ ఉన్న ఫ్లాటులో ఇరవై ఏడుగురు బడిపిల్లలు ఉంటున్నారని నాకు జనవరిలో, స్టాఫ్ రూములో కూర్చుని ఉండగా తెలిసింది. నేను ఉండేది సరిగ్గా ఆ ఫ్లాటు కింద, రెండో అంతస్తులో. పన్నెండేళ్లుగా ఉంటున్నాను. పైనుంచి ఎప్పుడూ చప్పుడు వినలేదు.

సౌదీలో, మా ఇండియన్ స్కూలుకు జెద్దా ఊరి ఉత్తరాన కొత్త శాఖ పెడుతున్నారు. ఏప్రిల్ నుంచి ఫలస్తీన్ రోడ్డుకు ఇవతల ఇళ్లున్న పిల్లలు పాత బడికి, అవతలివాళ్లు కొత్త బడికి వెళ్లాలి. ఇందులో ఎవరి ఇష్టానికీ తావు లేదు. ట్రాన్స్‌పోర్టు చూసే జమాలుద్దీన్ గారు అడ్మిషన్ ఫారాల్లోని అడ్రసులన్నీ కంప్యూటరుకు ఎక్కించి, ఊరి పటం మీద ఒక్కో విద్యార్థికి ఒక్కో ఎర్రచుక్క పెట్టారు. ఆ పటాన్ని గోడమీద వేసి చూపిస్తున్నారు. షరఫియాలో మా సందు దగ్గర మాత్రం తట్టు పోసినట్టుంది.

"సురయ్యా టీచర్, ఇది మీ బిల్డింగే కదా? ఒక్క ఫ్లాటులో ఇంతమంది పిల్లలా?" అని అడిగారు ప్రిన్సిపాల్ మేడం. ఆవిడది కేరళ. ఏ విషయమైనా సూటిగా అడుగుతారు.

"ఆ ఇంట్లో ఉండేది భార్యాభర్తలిద్దరే మేడం. వాళ్లకు పిల్లలు లేరు" అన్నాను.

గదంతా నవ్వింది. నవ్వించాలని నేను అనలేదు. అయినా నా మాటకు నలుగురు నవ్వడం ఐదు నెలల తర్వాత అదే మొదలు. బాగానే అనిపించింది.

నా భర్త ఇష్తియాక్ ఆగస్టులో పోయారు. భర్త పోయినవాళ్లు పాటించే ఇద్దత్ నాలుగు నెలల పది రోజులు ఇంట్లో గడిపి, ఆ వారమే మళ్లీ బడికి వచ్చాను. ఆయన్ని ఈ ఊరి మట్టిలోనే పెట్టారు. ఆయన గురించి ఇక్కడ ఇంతకంటే రాయను. అయితే ఒక సంగతి చెప్పకపోతే మిగతా కథ అర్థం కాదు. ఇక్కడ ఉండాలంటే ఇకామా కార్డు కావాలి. నాదీ, మా అమ్మాయి అయేషాదీ ఇన్నాళ్లూ ఆయన పేరు మీద నడిచాయి. ఇప్పుడవి బడి పేరు మీదకు మారాలి. మారాలంటే బడిలో నా పోస్టు ఉండాలి. నేను చెప్పేది తెలుగు. ఒక శాఖలో కనీసం నలభై మంది పిల్లలుంటేనే ఆ భాషకు టీచరును పెడతారు. చుక్కల పటం ప్రకారం తెలుగు తీసుకున్న యాభై రెండు మందిలో పాత శాఖకు నలభై ఒకరు, కొత్త శాఖకు పదకొండుమంది. అంటే కావలసినదానికంటే నాకు ఒకరు ఎక్కువే. అటువైపు పదకొండుమంది మాత్రం తెలుగు వదిలి హిందీకి మారాలి.

ఆ నలభై ఒకరిలో ఇరవై ఏడుగురు మా పై ఇంటివాళ్లు.

తెలుగు పిల్లల అడ్రసులు సరిచూసి రెండు వారాల్లో ఇమ్మని ప్రిన్సిపాల్ మేడం ఆ పని నాకే అప్పగించారు. "మీరైతే జాగ్రత్తగా చేస్తారు" అన్నారు.

*

సాయంత్రం అయేషాను వెంటబెట్టుకుని పైకెళ్లాను. పై ఇంటి మహబూబ్ బాషా అన్న సొంతూరు రాయచోటి. ముప్పై ఏళ్లుగా పాత బజారు బలద్‌లో ఒక బట్టల వ్యాపారి దగ్గర డ్రైవరు. ఆయన భార్య రహమత్బీ ఆపా వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చి నేను చెప్పింది విన్నది.

"ఇరవై ఏడా! ఏమయ్యో, ఇన్న్యావా? మనకు ఇరవై ఏడుమంది పిల్లకాయలంట!"

"నేను పదహైదో పదహారో అనుకుంటి" అన్నాడాయన. "ఒక్కొక్కడూ వచ్చి, అన్నా, నీ అడ్రసు రాసుకుంటామనిరి. రాసుకోండబ్బా అంటి. అడ్రసేమన్నా అరిగిపోతాదా?"

విషయం అదీ. మా రాయలసీమవాళ్లలో ఎవరు కొత్తగా కుటుంబాన్ని తెచ్చుకున్నా, మొదటి పది రోజులు మహబూబన్న హాల్లోనే దిగేవారు. అప్పటికి సొంతంగా అద్దె ఒప్పందం ఉండదు. బడి ఫారంలో అడ్రసు గడి ఖాళీగా ఉండకూడదు. అందుకని ఆయన అడ్రసు రాసేవారు. తర్వాత ఇళ్లు చూసుకున్నారు, పాత పేటలు పడగొట్టినప్పుడు మరో చోటికి మారారు, కొందరు ఫలస్తీన్ రోడ్డు అవతల సఫాకు, హమ్దానియాకు వెళ్లిపోయారు. ఫారం మాత్రం ఎవరూ మార్చలేదు. ఈ దేశంలో ఒకసారి ముద్ర పడిన కాగితాన్ని మళ్లీ కదపకూడదని మావాళ్ల గట్టి నమ్మకం. కదిపితే ఇంకో నాలుగు కాగితాలు అడుగుతారు.

"ఎవురన్నా వచ్చి అడిగితే అందురూ ఈడనే ఉండారని చెప్తాలే సురయ్యా" అంది ఆపా. "కావాలంటే ఇరవై ఏడుమందికీ వండి వార్చి చూపిస్తా. నాకేం కష్టం?"

"వద్దు ఆపా, చూపించేదేమీ లేదు. ఎవరెక్కడ ఉంటున్నారో నాకు చెబితే చాలు."

మెట్లు దిగుతుంటే అయేషా నా మోచెయ్యి పట్టుకుంది. తొమ్మిదో తరగతి. ఏ మాటైనా లెక్కలోకి దింపి చూస్తుంది.

"అమ్మీ, నువ్వు అడగకపోతే నలభై ఒకటి నలభై ఒకటిగానే ఉంటుంది కదా?"

"ఉంటుంది."

"మరి?"

"మరి నన్ను అడగమన్నారు."

"అందరూ నిన్ను జాగ్రత్త మనిషంటారు. నాకైతే అలా కనపడ్డం లేదు" అని నాకంటే ముందు మెట్లు దిగిపోయింది.

*

మూడో రోజు బడి వదిలాక గేటు దగ్గర ఒకాయన నిలబడి ఉన్నాడు. కంపెనీ చొక్కా, జేబులో టెస్టరు. నిజామాబాద్ వైపు మనిషి, పేరు లింబాద్రి. ఐదో తరగతి సృజన తండ్రి.

"నమస్తే మేడం. ఒక్క మాట అడుగుదామని వొచ్చిన. గిదేం నాయం? నేను హమ్దానియాల ఉంటున్న, హమ్దానియా అనే రాపిచ్చిన. ఇప్పుడు నా బిడ్డకు తెలుగు పోతదంటున్రు. మా పక్కింటోళ్ల పోరగాండ్లకు మాత్రం ఉంటదట. ఎందుకంటే వాళ్లు కాయితం మీద షరఫియాల ఉన్నరు. పొద్దుగాల తలుపు తీస్తే వాళ్లు నా మొఖమే సూస్తరు మేడం!"

నాకు నవ్వు వచ్చింది. ఆయన నవ్వలేదు.

"ఊర్ల మా అవ్వ ముత్యవ్వ ఒక్కతే ఉంటది. పింఛనుదో, రేషనుదో కాయితం వొస్తే ఎవలతోనన్న ఫొటో తీపిచ్చి పంపుతది. నాకు సదువు రాదు. సృజననే సదివి చెప్తది. రేపు హిందీల సదివి చెప్తదా?"

"ఇంకా ఏదీ ఖాయం కాలేదు లింబాద్రి గారూ" అన్నాను.

"గారు వొద్దు మేడం, నాకు కొత్తగుంటది" అని ఆయన అప్పుడు నవ్వాడు.

ఆ రాత్రికి కాదు, ఇంటికి బస్సు ఎక్కేలోపే నిర్ణయం అయిపోయింది. ఒక్కొక్క ఇంటికీ వెళ్లి చూసి రావాలనుకున్నాను.

*

రెండు శుక్రవారాలు తిరిగాం. మహబూబన్న కారు, ముందు సీట్లో ఆపా, వెనక నేనూ పెన్సిలు పట్టుకుని అయేషా. సరిచూడడానికి వెళ్లినట్టు లేదు, పెళ్లి పిలుపులకు బయల్దేరినట్టుంది. ఏ ఇంటికి వెళ్లినా మహబూబన్న వచ్చాడని అరటిపండ్లు, చాయ్, బిస్కట్లు. ప్రతి ఇంట్లోనూ ఆపాకు ఎవరో ఒక బిడ్డ తలకు నూనె రాసిన జ్ఞాపకం, ఇంకెవరి బిడ్డకో మొదటి అడుగు వేయించిన జ్ఞాపకం ఉన్నాయి. నేను రాసుకోవలసింది ఒక్క ముక్క. ఆ ముక్క కోసం గంట కూర్చోవలసి వచ్చేది.

హమ్దానియాలో మహబూబ్బీ అనే ఆవిడ సగం తలుపు తీసి, గడపలోనే నిలబడింది. ముగ్గురు పిల్లలు మా బడిలోనే.

"టీచర్, మేము షరఫియాలోనే ఉంటాండాము" అంది, హమ్దానియాలో తన ఇంటి తలుపు పట్టుకుని.

"మరి ఈ ఇల్లు?"

"ఇదా... మా చుట్టాలది. ఊరికే చూసిపోదామని వస్తిమి."

లోపలినుంచి చిన్నవాడు కేకేశాడు: "అమ్మా, నా మంచం కింద బొద్దింక ఉంది!"

"చుట్టాల మంచం కింద" అంది అయేషా మెల్లగా.

ఆపా ముందుకు వచ్చింది. "ఏమ్మే, నాలుగేండ్లుగా నా ఇంట్లో ఉంటాండావంట. ఒక్క దినమన్నా గిన్నెలు తోమిపెట్టినావా?"

మహబూబ్బీ మొదట నవ్వింది, తర్వాత కళ్లు తుడుచుకుంది, తర్వాత తలుపు పూర్తిగా తీసింది. ఆవిడ భర్త పని బలద్‌లో. పొద్దున వెళుతూ పిల్లల్ని పాత బడి దగ్గర దింపుతాడు. కొత్త బడి అయితే మనిషి ఒకవైపు, పిల్లలు ఒకవైపు. "నిజం రాస్తే మీరే పోతారంట కదా టీచర్? అందుకే అట్ల చెప్పినా" అంది చాయ్ ఇస్తూ. సగం నిజమే అయి ఉంటుంది. ఆ సగానికి నేను కృతజ్ఞురాలిని.

రెండో శుక్రవారం సాయంత్రం తిరుగుదారిలో అయేషా కూడిక వేసింది. ఇరవై ఏడుగురిలో పన్నెండుగురు ఫలస్తీన్ రోడ్డుకు ఇవతల ఉన్నారు, పదిహేనుగురు అవతల. మిగతావాళ్లతో కలిపితే ఇటు ఇరవై ఆరు, అటు ఇరవై ఆరు.

"అమ్మీ, సరిగ్గా సగానికి విరిగింది. ఇటూ పనికిరాదు, అటూ పనికిరాదు."

సిగ్నల్ దగ్గర మహబూబన్న అద్దంలోంచి నన్ను చూశాడు.

"ఆ కాగితం నా కాడ పెట్టిపో సురయ్యా. డ్యాషుబోర్డులో వేస్తి అంటే నాకే దొరకదు. ఇంగ వాళ్లకేం దొరుకుతాది?"

"ప్రొద్దుటూరులో నబీ రసూల్ నాకు ఒక ప్రైవేటు బడిలో పని చూసి పెట్టాడన్నా" అన్నాను. నబీ రసూల్ నా తమ్ముడు. "మంచి బడేనట. ఆటస్థలం కూడా ఉందట."

"నువ్వేమన్నా కబడ్డీ ఆడతావా?" అంది ఆపా ముందు సీట్లోంచి, వెనక్కి తిరక్కుండా.

ఇక్కడ బడి వారం మొదలయ్యేది ఆదివారం. ఆ పొద్దున మొదటి గంట కొట్టకముందే కాగితం ప్రిన్సిపాల్ మేడం బల్లమీద పెట్టి వచ్చాను. ఎక్కువసేపు చేతిలో ఉంచుకోవడం మంచిది కాదనిపించింది.

ఆ వారమే ఇరవై ఏడు ఫారాలూ దిద్దారు. మహబూబన్న ఇంటి అడ్రసు మీద ఉన్నవి గనుక, ఒక్కో దానిమీద ఆయన సంతకం కావాలన్నారు. హాల్లో చాప పరుచుకుని, ఆయన సంతకాలు పెడుతుంటే ఆపా పక్కన కూర్చుని నాచేత పేర్లు చదివించుకుంది. చివరి ఫారం అయ్యాక చాప దులిపి చుట్టింది.

"ఒక్క పూటలో అందుర్నీ సాగనంపినావు కదే" అంది నాతో. నవ్వుతూనే అంది. చాపను మూల నిలబెట్టింది.

*

రంజాన్‌కు వారం ముందు, గురువారం సాయంత్రం పాత బడి హాల్లో తల్లిదండ్రుల సమావేశం జరిగింది. ఏ శాఖలోనూ నలభై మంది లేరు గనుక తెలుగు నడపడం వీలు కాదని ప్రిన్సిపాల్ మేడం చెప్పారు. పిల్లలు లేకపోయినా నా కోసం వచ్చిన మహబూబన్న, ఆపాల పక్కన నేను వెనక వరసలో కూర్చున్నాను. నాది వినే స్థానమే కానీ మాట్లాడే స్థానం కాదని ముందే అనుకున్నాను.

మొదట లేచింది హబీబ్ గారు. కంపెనీలో అకౌంట్స్ చూస్తారు, ఇల్లు బడికి నాలుగు సందుల దూరం. "సింపుల్ సొల్యూషన్ మేడం. నార్త్ సైడ్ తెలుగు పేరెంట్స్ పదునాలుగు మంది పిల్లల్ని ఇటు పంపిస్తే ఫార్టీ అవుతుంది."

"మేమెందుకు పంపాల? మీరే అటు పంపండి సార్" అంది మహబూబ్బీ. "ఆడ కొత్త ఏసీలు. మీ పాత బడిలో ఫ్యాను తిరుగుతాందా, తిరుగుతాన్నట్టు యాక్షన్ చేస్తాందా ఎవురికీ తెలీదు."

"మొన్నటిదాకా మీరు ఈ బడి కోసమే అడ్రస్ మార్చి రాశారు కదమ్మా!"

"మార్చి రాసిందెవురు? మార్చకుండా ఉంటిమి. అంతే!"

హాలు రెండుగా చీలింది. రోడ్డుకు ఇవతలివాళ్లకు అవతలివాళ్ల ట్రాఫిక్ గుర్తుకొచ్చింది. అవతలివాళ్లకు ఇవతలివాళ్ల మెట్లు, పార్కింగు, తాగునీళ్లు గుర్తుకొచ్చాయి. ఇదంతా ఆ రహమత్బీ ఇంటివల్లే వచ్చిందని ఎవరో అన్నారు.

ఆపా లేచి నిలబడింది. "అన్నది ఎవురో ముందరికి రాండి. నా ఇంట్లో పది దినాలు తిని, నా అడ్రసు నాలుగేండ్లు వాడుకోని, ఇప్పుడు తప్పు నాదంటారా? ఎవురు ఏం తిన్యారో అన్నీ యాదుండాయి నాకు. చెప్పమంటారా?"

ఎవరూ చెప్పమనలేదు.

అప్పుడు లింబాద్రి లేచాడు. పనిలోంచి నేరుగా వచ్చినట్టున్నాడు, చొక్కా మీద సిమెంటు మరకలు.

"మేడం, నాకు ఇంగ్లీషు రాదు. ఎవలన్న సమజ్ చెయ్యున్రి. నేను పదకొండు బిల్డింగులు సూస్త. కరెంటు, ఏసీ, నల్లా అన్ని నేనే. బిల్డింగుకొక లింబాద్రి లేడు. నల్లా యాడ కరాబైతే ఆడికి నేనే పోత. నల్లాను పీకి నా రూముకు తెస్తరా ఎవలన్న?"

హాల్లో ఎవరో నవ్వారు.

"మరి గీ పోరగాండ్లను ఎందుకు పీకుతున్రు అటు ఇటు? ఉన్నకాడ ఉండనియ్యున్రి. టీచరమ్మను తీస్కపోండ్రి. జర సేపు ఈడ, జర సేపు ఆడ."

హబీబ్ గారే దాన్ని ఇంగ్లీషులోకి మార్చి చెప్పారు. తనకు నచ్చిన మాటగానే చెప్పారు. ప్రిన్సిపాల్ మేడం కళ్లద్దాలు తీసి, "రెండు శాఖలూ కలిపి లెక్కిస్తే యాభై రెండు. కమిటీని అడగవచ్చు. కానీ బడి మధ్యలో టీచరు వెళ్లేదెలా?" అని జమాలుద్దీన్ గారి వైపు చూశారు.

"నామ్‌కే వాస్తే, పేరుకన్న బస్సు లేదు మేడం" అన్నారు జమాలుద్దీన్ గారు తన హైదరాబాదు యాసలో. "పొద్దున ఉంటయి, మధ్యాహ్నం ఉంటయి. నడుమల పోయేది ఒక్కటే." చెప్పాలా వద్దా అన్నట్టు ఆగారు. "సమోసా వ్యాను."

ఈసారి హాలంతా నవ్వింది. కొత్త బిల్డింగులో వంటగది లేదు. ఇంటర్వెల్ సమోసాలు మా క్యాంటీన్‌లోనే వేయించి, పదింటికి వ్యానులో పంపాలని అప్పటికే ఏర్పాటు చేశారు.

మహబూబన్నకు మాత్రం కోపం వచ్చింది. "ఏం మాట్లాడతాండారు సార్? మా టీచరమ్మ సమోసాల బండిలో పోవాల్నా? మర్యాద ఉండొద్దా?"

"ముందు సీటు ఖాళీగా ఉంటుందా?" అని అడిగాను.

నేనే అడిగానని నాకు తెలియడానికి ఒక క్షణం పట్టింది. అందరూ వెనక్కి తిరిగి చూస్తున్నారు.

"ఉంటది మేడం" అన్నారు జమాలుద్దీన్ గారు. "కానీ మీరు..."

"అయితే నేను వెళతాను."

ప్రిన్సిపాల్ మేడం కాగితం మీద ఏదో రాసుకున్నారు. ఆ తర్వాత పార్కింగు గురించి మళ్లీ గొడవ మొదలైంది.

*

రంజాన్ రెండో వారంలో కమిటీ ఒప్పుకుంది. మొదటి మూడు పీరియడ్లు పాత బడిలో, ఐదో పీరియడు నుంచి కొత్త బడిలో. ఏప్రిల్‌లో మొదటి బుధవారం ఇకామా మార్పిడి కాగితాల కోసం బడి ఆఫీసుకు పిలిచారు. గుమాస్తా కుర్రాయన ఒక్కో గడీ అడుగుతూ కంప్యూటరులో నింపుతున్నాడు.

"అడ్రసు అదేనా మేడం? ఏమైనా మారిందా?"

తెలుగువాళ్ల అడ్రసుల సంగతి ఆఫీసు మొత్తానికీ తెలుసు. పక్క బల్లవాళ్లు తల దించుకుని నవ్వుకుంటున్నారు.

"అదే" అన్నాను. "మారలేదు."

ఆయన నొక్కవలసినవి నొక్కి, అయేషా పేరు కింద కూడా అదే అడ్రసు వేశాడు. ప్రింటరు ఒక కాగితాన్ని బయటికి తోసింది. సంతకం చేసి కలం తిరిగి ఇస్తుండగా కింద హారన్ మోగింది. వ్యాను డ్రైవరు జునైద్ పాకిస్తానీ. ముల్తాన్ వైపు మనిషి.

"ఆయియే టీచర్ జీ, సమోసా ఠండా హో రహా హై!"

సమోసాలు చల్లారిపోతున్నాయట. మెట్లు త్వరగా దిగాను. వ్యాను నిండా వేడి నూనె, ఉల్లిపాయ వాసన. ఆ వాసన చీరకు పట్టి ఇంటిదాకా వస్తోందని అయేషా ముక్కు మూసుకుంటుంది. మూసుకున్నాక ఆకలేస్తోందంటుంది. జునైద్ దారంతా తన కూతుళ్ల చదువు గురించి చెప్పాడు. పెద్దమ్మాయికి లెక్కలు రావట. ఏం చేయాలో నన్ను అడిగాడు. నాకు తోచింది చెప్పాను.

కొత్త బడి గేటు తీయగానే పిల్లలు వ్యాను వెంట పరుగెత్తుకొచ్చారు. అందరికంటే ముందు సృజన.

"తెలుగు వొచ్చింది! తెలుగు వొచ్చింది!"

అన్ని తరగతుల తెలుగు పిల్లల్నీ ఒకచోట కూర్చోబెట్టిన గదిలో లెక్కపెడితే ఇరవై తొమ్మిదిమంది ఉన్నారు. ముగ్గురు ఆ వారమే హిందీ వదిలి తెలుగు అడిగారట. వాళ్లు ఎదురుచూస్తున్నది నాకోసమా, సమోసాల కోసమా అన్నది నేను విచారించలేదు. కొత్త పేర్లు మూడూ పట్టీ చివర చేర్చి, హాజరు పిలవడం మొదలుపెట్టాను.